అచ్చోసిన ఆంబోతు ఎవరిది?

పనీపాటా లేకుండా తిరిగే మగవాణ్ని తెలుగులో ‘అచ్చోసిన ఆంబోతు’ అంటారు. ఖాజాగూడలో మా ఆఫీసు కేంటీన్లో కూడా వినబడే తిట్టే ఇది. అనేవాళ్లు, పడేవాళ్లు ఎవరూ ఆంబోతుని దగ్గర్నుంచి చూసినవాళ్లు కారు. తిట్టు సరే, అసలు ఆ అచ్చు వేసిందెవరు, ఎందుకు వేశారు? ఈ ప్రశ్న వెంట పోతే ఒంగోలు జాతి చరిత్ర సగం బయటపడుతుంది.

ఇంట్లో పెద్దాయన పోతే ఆయన పేరున ఒక కోడెను వదిలిపెట్టడం పాత ఆచారం. శాస్త్రంలో దీన్ని వృషోత్సర్గం అంటారు. దేవుడి పేరున దాని ఒంటిమీద అచ్చు వేసి ఊరిమీద వదిలేస్తారు. ఇక దానికి ముక్కుతాడు ఉండదు, కాడి ఉండదు. ఏ చేలో మేసినా కొట్టకూడదు. ఒంగోలు ప్రాంతంలో ఈ ఆచారానికి ఇంకో సంగతి తోడైంది. ఆ కోడెను ఊరి పెద్దలు ఏరి ఎంచేవాళ్లు. మూపురం, గంగడోలు, నడక, తల్లి చరిత్ర అన్నీ చూసేవాళ్లు. ఎందుకంటే రేపు ఊళ్లో ఆవులన్నిటికీ చూలు కట్టించేది అదే. మద్రాసు ప్రెసిడెన్సీ పశువుల మీద రాసిన ఇంగ్లీషు అధికారులు కూడా ఈ పద్ధతిని గమనించి రాశారు.

నాకు ఇందులో నచ్చేది లెక్క. ఆంబోతు మేసిన నాలుగు గుక్కల పైరే ఊరు కట్టే రుసుము. రసీదు లేదు, కమిటీ లేదు. అలాగని దీన్ని సత్యయుగం చెయ్యనక్కర్లేదు. ఆవు లేని కౌలుదారు చేలోనూ అది మేసే ఉంటుంది, అతనూ కర్ర ఎత్తకుండా ఊరుకోవాల్సిందే. అయినా ఒక జాతిని నిలబెట్టే ఖర్చు ఒక్క ఇంటిమీద పడకుండా ఊరంతా పంచుకుంది.

మిగతా పని ఇళ్లలో జరిగేది. గుండ్లకమ్మ, మూసి (హైదరాబాదు మూసీ కాదు, ప్రకాశం జిల్లాలో ఇంకోటి ఉంది) పారే పల్లెల్లో పశువుల్ని పెంచింది సేద్యం చేసుకునే కుటుంబాలే. రెండు మూడు ఆవులు, ఒక జత ఎడ్లు, నల్లరేగడి చేలో జొన్న, వరిగ. గింజ మనిషికి, చొప్ప గొడ్డుకి. కోడెదూడ పుడితే తల్లిపాలు పిండకుండా దానికే వదిలేవాళ్లు. ఇంట్లో పిల్లలకి మజ్జిగ తగ్గినా దూడకి పాలు తగ్గేవి కావు, ఎందుకంటే ఆ కోడె పెరిగి మంచి ధర పలికితే అప్పు తీరేది. మా తాతగారిది అద్దంకి వైపు ఊరు. నేను పుట్టేనాటికి మా గొడ్ల చావిట్లో ట్రాక్టరు ఉంది. ఈ లెక్కలన్నీ నేను విన్నవే గాని చూసినవి కావు.

ఇక పేరు సంగతి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. పందొమ్మిదో శతాబ్దంలో ఓడెక్కిన పశువు అందుకే ‘నెల్లూరు పశువు’గా వెళ్లింది, బ్రెజిల్లో ‘నెలోరె’గా స్థిరపడింది. ఇండోనేషియాలో మాత్రం ఇప్పటికీ ‘ఒంగోల్’ అనే అంటారు. బ్రెజిల్‌కి చివరి పెద్ద దిగుమతి 1960ల మొదట్లో జరిగింది. అప్పుడు వెళ్లిన ఆంబోతుల్లో ఒకదాని పేరు ‘కర్వాది’. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. నెలోరె వంశవృక్షాల్లో ఆ పేరు ఇప్పటికీ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

బ్రెజిల్ వాళ్లు 1938లో వంశావళి రిజిస్టరు పెట్టారు. స్కాట్లండు కొండల్లో జులపాల హైలాండ్ పశువుల్ని పెంచే రైతులు, భూస్వాములు 1884లోనే సంఘం పెట్టుకుని మరుసటి ఏడు మందపుస్తకం అచ్చు వేయించారు. వాళ్ల అచ్చు కాగితం మీద, మన అచ్చు ఆంబోతు తొడ మీద. మన పుస్తకం ముసలివాళ్ల జ్ఞాపకంలో ఉండేది, వాళ్లతోపాటే పోయింది.

2023లో ‘వియాటినా-19’ అనే నెలోరె ఆవులో మూడోవంతు వాటా వేలంలో సుమారు 14 లక్షల డాలర్లు పలికింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్లు. బరువు 1,100 కిలోల పైమాటే. మన వాట్సాప్ గ్రూపులన్నీ ‘మన ఒంగోలు ఆవు’ అని పొంగిపోయాయి. నాకు ఆ పొంగు అర్థంకాలేదు. అక్కడ దాన్ని పెంచేది మాంసం కోసం. ఇక్కడ మన వాళ్లు ఏరింది నాగలికి, బండికి. తరాల తరబడి వేరే పనికి ఏరితే పశువు కూడా వేరే అవుతుంది.

ఇక్కడ పోయింది ఆ పనే. వరిగ, జొన్న పోయి పొగాకు వచ్చింది, దాన్ని గొడ్డు ముట్టదు. కాలవ నీళ్లొచ్చిన చోట వరి వచ్చింది. ట్రాక్టరు నాగలిని తీసేసింది. పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యం స్ట్రాలో వచ్చేసరికి ఆంబోతుకి ఊళ్లో పని లేకుండాపోయింది. పైరు మేయడం ఒక్కటే మిగిలింది. తిట్టులో ఈ మాట ఎప్పట్నుంచో ఉండొచ్చు, కానీ మా తరానికి ఆ తిట్టు ఒక్కటే మిగిలింది.

మిగిలిన ఒంగోలు జతలు ఎక్కువగా బండలాగుడు పోటీల్లో కనిపిస్తాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. ఆ జతల్ని మేపాలంటే చేతిలో డబ్బుండాలి, సేద్యం మీద బతికే కుటుంబానికి అయ్యేపని కాదు. 2002 జాతీయ క్రీడలకి ఒంగోలు గిత్త ‘వీర’ని గుర్తుగా పెట్టారు. ఆ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియం ఖాజాగూడకి దగ్గరే. మనం గిత్తని బొమ్మగా ఉంచుకోగలిగాం.

జన్యువులకి వచ్చిన భయం లేదు. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధనా కేంద్రంలో ఒంగోలు మంద ఉంది, బ్రెజిల్లో కోట్లకొద్దీ ఉన్నాయి. లేనిది ఆ ఖర్చుని పంచుకునే ఊరు. ఇవాళ చిన్నరైతు ఒకడు ఒంగోలు ఆవుని ఉంచుకుంటే మేతంతా అతని జేబులోంచే. పాలు తక్కువ, కోడెకి కొనేవాడు లేడు, గర్వం మాత్రం మనందరిదీ. ఆ జాతి పొలంలో బతకాలని నిజంగా అనుకుంటే ఆ నాలుగు గుక్కల మేత ఎవరు పెట్టాలో తేల్చుకోవాలి. ప్రభుత్వమా, పాలు కొనే మనమా? పాతకాలం ఊరు ఆ ప్రశ్నకి ఒక జవాబు చెప్పుకుంది. మనం ఇంకా అడగనైనా అడగలేదు.