ఊ కొట్టడానికి వీల్లేని గది

"ఆడవాళ్లు ఫోన్ పట్టుకుంటే వదలరు" అనే జోకుకి దాదాపు ఫోనంత వయసుంది. అమెరికాలో 1920ల దాకా ఫోన్ కంపెనీలు ఆడవాళ్ల పిచ్చాపాటీని లైను దండగ కింద జమకట్టాయి. తర్వాత ఆ కబుర్లలోనే ఆదాయం ఉందని తెలిసి, మాట్లాడుకోండంటూ ప్రకటనలిచ్చాయి. 2007లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 396 మంది విద్యార్థుల మాటల్ని రికార్డు చేసి వేసిన అంచనా ప్రకారం రోజుకి ఆడవాళ్లవి 16,215 మాటలు, మగవాళ్లవి 15,669. ఆ తేడాని మా టీమ్ లీడ్ ఒక్క స్టేటస్ కాల్లో పూడ్చేస్తాడు :)

ఎంత మాట్లాడారన్నది వదిలేద్దాం. ఎలా వింటారన్నది అసలు సంగతి. 1982లో డేనియల్ మాల్ట్జ్, రూత్ బోర్కర్ అనే ఇద్దరు ఒక ప్రతిపాదన చేశారు: ఆడవాళ్ల 'ఊ'కి "వింటున్నా, చెప్పు" అని అర్థం, మగవాళ్ల 'ఊ'కి "ఒప్పుకుంటున్నా" అని. ఇందులో పెత్తనం ఎవరిదన్న ప్రశ్నే లేదని తర్వాత విమర్శలొచ్చాయి, న్యాయమే. కానీ ఊ కొట్టడం గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊ కొట్టకపోతే అవ్వ కథ ఆపేసేది. బుర్రకథకి వంతలు లేకపోతే కథే లేదు.

హిందూపురంలో మా అమ్మ, ధర్మవరంలో మా అత్త. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే సగం "ఊ... ఆఁ... అట్లనా? సరే చెప్పొదినా" ఉంటుంది. మా నాన్నదయితే "ఏం? సరే. పెట్టేస్తా." అంతే. అయితే మేం పెనుకొండలో ఉన్నప్పుడు ఇంట్లో ఫోన్ లేదు, ఎస్టీడీ బూతే గతి. ఎర్ర అంకెలు పరిగెడుతుంటే, బూతాయన చెవులు రిక్కించి కూర్చుంటే, అమ్మ కూడా అచ్చం నాన్నలాగే మాట్లాడేది! అందుకే ఇదంతా పుట్టుకతో వచ్చిందంటే నేను నమ్మను.

2000ల మొదట్లో మావైపు కుర్రాళ్లు బెంగళూరులో ఉద్యోగాల్లో చేరి యాహూ వాయిస్ గదుల్లో పడ్డారు. అక్కడ ఒకసారికి ఒకరికే మైకు. టాక్ బటన్ నొక్కి పట్టుకున్నవాడిదే రాజ్యం, పక్కవాళ్లు ఊ కొడదామన్నా దారి లేదు. దాంతో ఉపన్యాసాలు, పాటలు, ఎక్కువగా మగ గొంతులే. అమ్మాయిలు వింటూ టైపు చేసేవాళ్లు. పొరపాటున ఒకమ్మాయి గొంతు వినపడిందా, ప్రైవేటు మెసేజులు తేనెటీగల్లా ముసిరేవి. ఆ మౌనం చూసి "ఆడవాళ్లకి చర్చలు పట్టవు" అని తీర్పిచ్చిన మగానుభావుల్ని నేనే విన్నాను. ఆ గదులు 2012లో మూతపడ్డాయి. 2021లో క్లబ్‌హౌస్ ఆండ్రాయిడ్‌కి వచ్చింది, స్టేజి మీదున్న అందరికీ మైకు. కానీ మాట్లాడనప్పుడు మ్యూట్ చేసుకోవడమే మర్యాద అన్నారు. ఇప్పటి మన ఆఫీసు కాల్స్‌లోనూ అదే మర్యాద. ఊ కొడితే నాయిస్.

అలవాటుకొద్దీ ఇంటి గ్రూప్ కాల్లో కూడా నేను మ్యూట్లోనే ఉండి వింటుంటాను. అమ్మ రెండు మాటలకొకసారి ఆపి, "లైన్లో ఉండావా?" అంటుంది.