పజిలూ, పోపుల డబ్బా

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చే వేళ, మన వన్ టౌన్ ఇళ్ళల్లో ఈమధ్య చాలామంది సెల్‌ఫోన్‌లో ఒక ఆట ఆడుతున్నారు. నాలుగో, ఆరో ఇంగ్లీషు అక్షరాలు ఇస్తారు. వాటితో ఎన్ని మాటలు వస్తాయో పట్టుకోవాలి. ఎస్, టి, ఓ, పి ఇచ్చారనుకోండి. ఠక్కున స్టాప్ అంటాం. కాస్త ఆగి చూస్తే స్పాట్, పోస్ట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్ కూడా అందులోనే దాక్కుని ఉంటాయి!

ఇంత అమాయకమైన అక్షరాల ఆట కోసం ఒకప్పుడు పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిందంటే నమ్ముతారా? అదీ, మన ఆంధ్ర శాసనసభ కూడా కోరితే!

క్రాస్‌వర్డ్ పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి మొదటి పజిల్ ఇచ్చాడు. 1924లో అది పుస్తకంగా వచ్చేసరికి జనానికి పిచ్చి పట్టినంత పనైంది. తరవాత ఇంగ్లీషు పత్రికలతో పాటు మన దేశానికీ వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా పజిల్‌కి ప్రవేశ రుసుమూ, వేల రూపాయల బహుమతీ జోడించిన దగ్గర మొదలైంది.

ఆ కిటుకు ఎలాంటిదో ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. 'మునిగిపోతున్నవాడికి ఇది కావాలి' అని ఆధారం. గళ్ళలో ఓ, పి, ఇ ఉన్నాయి, మొదటి అక్షరం ఖాళీ. హెచ్ పెడితే హోప్, అంటే ఆశ. ఆర్ పెడితే రోప్, అంటే తాడు. రెండూ కావాలి కదా పాపం మునిగేవాడికి! ఏది సరైనదో నిఘంటువు చెప్పదు, వ్యాకరణం చెప్పదు. నిర్వాహకుడు ముందే రాసి సీలు వేసిన కవరులో ఏముంటే అదే సరైనది. ఇలాంటి ఖాళీలు పది ఉంటే జవాబులు 1,024 రకాలుగా నింపవచ్చు. ఒక్కో రకానికి ఒక్కో ఎంట్రీ, దానికి మళ్ళీ రుసుము. ఇల్లాలు పోపుల డబ్బాలో దాచుకున్న చిల్లర ఎటు పోతుందో వేరే చెప్పాలా?

అందుకే 1955లో పార్లమెంటు ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం చేసింది. ఇది రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి కొన్ని రాష్ట్రాల శాసనసభలు ముందుగా తీర్మానాలు చేసి పంపాయి. వాటిలో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రమూ ఉంది, హైదరాబాదు రాష్ట్రమూ ఉంది. అక్షరాలనూ, మాటలనూ, అంకెలనూ కూర్చడం, అటూ ఇటూ మార్చడం మీద ఆధారపడిన బహుమతి పోటీలన్నిటినీ ఆ చట్టం లెక్కలోకి తీసుకుంది. నెలకి మొత్తం బహుమతులు వెయ్యి రూపాయలు దాటకూడదు, ఒక పోటీకి ఎంట్రీలు 2,000 మించకూడదు, లైసెన్సు ఉండి తీరాలి. 1956 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

వ్యాపారం దెబ్బతిన్నవాళ్ళు ఊరుకుంటారా? బెంగుళూరు నుంచి స్పోర్టింగ్ స్టార్ అనే వారపత్రిక ద్వారా క్రాస్‌వర్డ్ పోటీలు నడిపిన చమర్‌బాగ్‌వాలా సుప్రీంకోర్టుకెక్కారు. 1957 ఏప్రిల్ 9న తీర్పులు వచ్చాయి. జూదం వ్యాపారం కిందికి రాదు పొమ్మంది కోర్టు. ఋగ్వేదంలోని జూదరి సూక్తాన్నీ, అందులో దిక్కులేనిదైపోయిన జూదరి భార్యనూ గుర్తు చేసింది. ధర్మరాజునీ మరచిపోలేదు. అయితే ఒక మంచి గీత కూడా గీసింది. గెలుపు చాలామటుకు తెలివి మీద, నైపుణ్యం మీద ఆధారపడే పోటీలకి ఈ చట్టం వర్తించదని తేల్చింది.

ఆ గీత మన పెద్దలకి కొత్తది కాదండీ. అష్టావధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఫలానా సంఖ్య గల అక్షరం ఫలానా అని మధ్యమధ్య అందిస్తుంటాడు. అవధాని మిగతా ఏడుగురికీ జవాబిస్తూనే వాటిని మనసులో పేర్చుకుని చివరకి వాక్యం అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాన్ని జనంలోకి తెచ్చారు. వారిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు మన పక్కనున్న బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పినవారే. ఇక్కడా ఆట అక్షరాలతోనే, కానీ జవాబు న్యాయంగా దొరుకుతుంది.

తెలుగు గళ్ళలోనూ అదే న్యాయం. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నా, పాఠకురాలి భాషకి పరీక్ష పెట్టారు గాని పర్సుకి పెట్టలేదు. పైగా మన గడి ఇంగ్లీషు గడి లాంటిది కాదు. 'స్త్రీ' అన్న మాటకి వాళ్ళకి నాలుగు గళ్ళైనా కావాలి, మనకి ఒక్కటి చాలు! 'తల' తిప్పితే 'లత' అవుతుంది, 'మర' తిప్పితే 'రమ' అవుతుంది. విజయవాడ నుంచి 1967లో ఆంధ్రజ్యోతి, 1984లో స్వాతి వారపత్రికలు వచ్చాయి. ఇలాంటి వారపత్రికల పుణ్యమా అని ఎందరో గృహిణులు పెన్సిలు చేతబట్టి, కొత్త మాటలు నేర్చారు.

ఇప్పుడు ఆట ఫోన్‌లోకి వచ్చింది, పందెమూ వెనకాలే వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో పార్లమెంటు డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి అడ్డుకట్ట వేస్తూ చట్టాలు చేశాయి. 2025 చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు.

చట్టం మాట అలా ఉంచి, మన జాగ్రత్త మనకుండాలి. కాళేశ్వరరావు మార్కెట్లో వంకాయలు కొంటే పుచ్చు చూసి మరీ ఏరుకుంటాం. అక్షరాల ఆటలోనూ అంతే. జవాబు నిఘంటువులో ఉంటే హాయిగా ఆడుకోండి, పిల్లలతోనూ ఆడించండి. జవాబు ఎదుటివాడి కవరులో ఉందని అనుమానం వచ్చిందా, పోపుల డబ్బా మూత గట్టిగా పెట్టేయండి!