ఇక ఓపెనింగ్ చేయనన్నాడు

2000 జనవరి, సిడ్నీ. భారత్ ఓటమి ఖాయమైపోయింది. ఆస్ట్రేలియా బౌలర్లు మెక్‌గ్రాత్, బ్రెట్ లీ నిప్పులు చెరుగుతున్నారు. ఒక్కొక్కరే వచ్చి వెనుదిరుగుతుంటే, ఓపెనర్‌గా దిగిన పాతికేళ్ల హైదరాబాదీ మాత్రం బంతిని బౌండరీలు దాటిస్తూనే ఉన్నాడు. 198 బంతుల్లో 167 పరుగులు. జట్టంతా కలిసి చేసింది 261. అతని తర్వాత అత్యధిక స్కోరు 25. మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో పోయింది. వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్‌కు మాత్రం అది తొలి టెస్టు సెంచరీ.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. స్వదేశంలో దక్షిణాఫ్రికాతో సిరీస్ జరుగుతుండగానే జట్టులో చోటు పోయింది. మళ్లీ దేశవాళీ రంజీ ట్రోఫీకి.

ఆటగాణ్ని ఇలా కిందికి దించడం కంప్యూటర్‌లో ఐస్ హాకీ మేనేజర్ ఆటలు ఆడే పిల్లలకు చిటికెలో పని. ఆటగాడి పేరు మీద నొక్కి కింది లీగ్‌కు పంపిస్తే సరి, జాబితాలో ఖాళీ దొరుకుతుంది. అమెరికా, కెనడా జట్లు ఆడే అసలు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ మీట వెనక నిబంధనలున్నాయి. కాస్త అనుభవమున్న ఆటగాణ్ని కింది లీగైన ఏహెచ్‌ఎల్‌కు పంపాలంటే ముందు మిగతా జట్లకు తెలియజేయాలి. ఒక రోజు గడువులో ఎవరైనా అతన్ని తమ జట్టులోకి తీసుకోవచ్చు. కొందరి ఒప్పందాల్లో కింద ఆడితే జీతం ఎంతో, పైన ఆడితే ఎంతో ముందే రాసి ఉంటుంది. కిందికి వెళ్లేవాడికి తన లెక్క తెలుసు. మన క్రికెట్‌లో ఆ రోజుల్లో అలాంటిదేమీ లేదు. సెలెక్టర్లు జాబితా ప్రకటిస్తారు. అందులో పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

కిందికి దించడమంటే ఏమిటో మా కల్వకుర్తికి బాగా తెలుసు. 1989లో ముఖ్యమంత్రి హోదాలో ఇక్కడ పోటీచేసిన ఎన్.టి. రామారావును ఓడించి చిత్తరంజన్ దాస్‌ను గెలిపించిన ఊరిది. ఎన్టీఆర్ ప్రతిపక్షంలో ఐదేళ్లు గడిపి, 1994లో తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. పడినవాడు ఎలా లేస్తాడన్నది అందుకే నన్ను ఎప్పుడూ పట్టుకునే ప్రశ్న.

లక్ష్మణ్ విషయంలో అసలు చిక్కు ఆటలో లేదు, నిలబెట్టిన చోటులో ఉంది. అతను మిడిల్ ఆర్డర్ బ్యాట్స్‌మన్. 1996 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 51 చేసి గెలుపులో భాగమయ్యాడు. తర్వాత మిడిల్ ఆర్డర్‌లో ఖాళీ లేక, కొత్త బంతి ముందుకు తోశారు. అక్కడ నిలకడ రాలేదని పక్కనపెట్టారు. తనది కాని పనికి పరీక్ష పెట్టి తప్పాడనడం న్యాయం కాదు. ఇప్పటికీ నా మాట అదే.

అప్పుడతను తీసుకున్న నిర్ణయం పెద్ద సాహసం. ఇకపై ఓపెనింగ్ చేయనన్నాడు. ఆడితే మిడిల్ ఆర్డర్‌లోనే. అక్కడ ద్రావిడ్, సచిన్, గంగూలీ ఉన్నారు. అంటే తలుపు దాదాపు తనే మూసుకున్నట్టు. అయినా సాహసం అతనికి కొత్త కాదు. డాక్టర్లయిన తల్లిదండ్రుల బిడ్డ, వైద్య విద్యను వదిలి బ్యాటు పట్టినవాడు.

ఇక రంజీ. టీవీ కెమెరాలుండవు, గ్యాలరీలు ఖాళీ. ఆ సీజన్‌లో హైదరాబాద్ తరఫున అతను 9 మ్యాచ్‌ల్లో 8 సెంచరీలతో 1415 పరుగులు చేశాడు. ఒక రంజీ సీజన్‌లో అప్పటిదాకా ఎవరూ అన్ని పరుగులు చేయలేదు. బెంగళూరులో కర్ణాటకతో సెమీఫైనల్లో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 353. సెలెక్టర్లు ఇక చూడనట్టు ఉండలేకపోయారు.

2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా 445 చేసింది. భారత్ 171కే కుప్పకూలింది. ఆరో స్థానంలో వచ్చి, 59 పరుగులు చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగిన లక్ష్మణ్ డ్రెస్సింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టాడో లేదో, కోచ్ జాన్ రైట్ దగ్గరికొచ్చాడు. ఫాలో ఆన్ ఆడుతున్నాం, ప్యాడ్లు విప్పొద్దు, ఈసారి నువ్వు మూడో స్థానంలో దిగుతున్నావన్నాడు. అంతవరకూ ఆ స్థానం ద్రావిడ్‌ది.

మూడో రోజు ఆట ముగిసేసరికి లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7. నాలుగో రోజు, మార్చి 14న, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. లక్ష్మణ్‌కు నడుము పట్టేసింది. ఫిజియో ఆండ్రూ లైపస్ చేతుల్లో సాగదీయించుకుని మళ్లీ మళ్లీ క్రీజులోకి నడిచాడు. అటువైపు ద్రావిడ్‌కు ఒంట్లో నలత. షేన్ వార్న్ కాళ్లకు దగ్గరగా తిప్పిన బంతుల్ని లక్ష్మణ్ ముందుకొచ్చి కవర్స్‌లోంచి కొట్టాడు. అదే తీరు బంతిని మరుసటిసారి స్పిన్‌కు ఎదురెళ్లి మిడ్ వికెట్ వైపు తరలించాడు. అలాంటి బౌలర్‌ను అంత తాపీగా ఆడినవాళ్లు చాలా అరుదు. టెస్టుల్లో భారత్ తరఫున అత్యధిక స్కోరుగా గవాస్కర్ పేరిట ఉన్న 236 రికార్డు ఆ రోజే వెనకపడింది. మరునాడు అవుటయ్యేసరికి 452 బంతుల్లో 281, ద్రావిడ్‌తో భాగస్వామ్యం 376. హర్భజన్ వికెట్లతో భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది.

ఇంత చేసినవాణ్ని రెండేళ్లయినా కాకముందే మళ్లీ పక్కనపెట్టారు. 2003 ప్రపంచకప్ జట్టులో అతని చోటు దినేశ్ మోంగియాకు దక్కింది. వన్డేలకు వేగం చాలదన్నది అతని మీద తరచూ వినిపించిన మాట. ఏడాది తిరిగేసరికి, 2004 జనవరిలో, ఆస్ట్రేలియా గడ్డ మీద ఒకే ముక్కోణపు సిరీస్‌లో మూడు వన్డే సెంచరీలు కొట్టాడు. అయినా ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే అతని కెరీర్ ముగిసింది.

2012 ఆగస్టు 18. న్యూజిలాండ్‌తో సిరీస్‌కు ప్రకటించిన జట్టులో లక్ష్మణ్ పేరుంది. మొదటి టెస్టు సొంతూరు హైదరాబాద్‌లోనే. 134 టెస్టులు, 8781 పరుగులు చేసిన అతను విలేకరుల ముందుకొచ్చి, ఆ సిరీస్ కూడా ఆడనని, ఈ క్షణం నుంచే తప్పుకుంటున్నానని చెప్పాడు. ఈసారి జాబితాలోంచి అతని పేరు తీసేసింది అతనే.