కెచువా నోట మరియమాత పాట

పెరూ చరిత్రను రెండు ముక్కల్లో చెప్పేస్తుంటారు: స్పెయిన్ వాళ్లు వచ్చారు, ఇంకాల సామ్రాజ్యం కూలింది. ఆ తర్వాతి మూడు వందల ఏళ్ల పాలన ఎలాంటిదో తెలియాలంటే, నేను స్థిరపడిన ఈ దేశంలో నేటికీ పాడుతున్న ‘హనక్‌పచప్ కుసికుయ్‌నిన్’ అనే పాట దగ్గర ఆగాలి. 1631లో లీమాలో అచ్చయిన ఒక పుస్తకం చివరి పుటల్లో ఇది ఉంది. భాష ఆండీస్ దేశీయుల కెచువా, స్తుతి మరియమాతకు, స్వరరచన నాలుగు గొంతులకు. అమెరికా ఖండాల్లో అచ్చుకెక్కిన తొలి బహుస్వర గానం ఇదేనంటారు. పుస్తకకర్త హువాన్ పెరెస్ బొకానెగ్రా, కుస్కో దగ్గర అందవాయ్‌లియాస్ ఊరి చర్చి గురువు. పద్యం తానే రాశానన్నాడు. బాణీ కట్టినవారి పేరు మాత్రం చెప్పలేదు.

ఆ చెప్పని పేరు చుట్టూనే వాదులాట. బాణీ అక్కడి దేశీయుడిదేనని కొందరు మురిసిపోతారు. ఎవరిదైతేనేం, పాలకుల పనిముట్టే కదా అని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండో మాటకు బలముంది. ఆ పుస్తకం పాటల పుస్తకం కాదు, గురువుల చేతి పుస్తకం. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఏ కలలు నమ్మావు, ఏ శకునాలు చూశావు అని గుచ్చి గుచ్చి అడిగే ప్రశ్నలు అందులో ఉన్నాయి. దేశీయుల నమ్మకాలను కూపీ లాగిన చేయే ఈ స్తుతినీ రాసింది. అయితే పనిముట్టును ఏ కర్రతో చేశారన్నది కూడా చూడాలి. స్వర్గానికి ఆయన వాడిన ‘హనక్ పచ’ అంటే పై లోకం. ‘పచ’ అంటే చోటూ, కాలమూ, లోకమూ అన్నీను. తెలుగు క్రైస్తవులు పరలోకం అన్నప్పుడు ఆ మాట తన పాత చరిత్రను గుమ్మం బయట వదిలి రాదు, ఇదీ అంతే. మరియమాతకు ఇచ్చిన పోలికల్లో ఆండీస్ వాసుల నక్షత్ర, ఫలసమృద్ధి భావాలు పలుకుతున్నాయని భాషా పరిశోధకుడు బ్రూస్ మన్‌హైమ్ చూపించాడు. రాసింది గురువే కావచ్చు, కానీ గుడిలోకి ఊరేగింపుగా వెళ్తూ ఈ పాట పాడేటప్పుడు విన్నవారికి తట్టే అర్థం ఆయన చేతిలో లేదు. కాబట్టి బాణీ కట్టింది ఎవరన్న దానికంటే మాటలు ఎవరివన్నదే నాకు ముఖ్యం.

అలాగైతే కెచువాను బతికించింది చర్చేనా? ఆ మాటా అంటారు. 1582-83 లీమా చర్చి మహాసభ దేశభాషల్లో ధర్మోపదేశం చేయమన్నది నిజమే. కానీ అందవాయ్‌లియాస్ గుడిలో జ్ఞానస్నానపు గది ద్వారం మీద ఒకే మంత్రాన్ని లాటిన్, స్పానిష్, కెచువా, ఐమారా, పుకీనా భాషల్లో రాశారు. వాటిలో కెచువాను ఇవాళ లక్షల మంది మాట్లాడుతున్నారు. పుకీనా ఆ గోడ మీద ఉంది, ఎవరి నోటా లేదు.