బాబ్లీ నుండి రాజధానికి: దూరము, కాలము

నాందేడు జిల్లా ధర్మాబాదు తాలూకాలో గోదావరి యొడ్డున నున్న చిన్న గ్రామము బాబ్లీ. అచ్చటి ఆనకట్ట వలన ఆ పేరు తెలుగువారికి సుపరిచితమైనది. అయితే ఆ గ్రామచరిత్రలో నీటితోపాటు విచారింపదగిన విషయము మఱొకటి కలదు. అది దూరము. ఊరు కదలకయే రాజధాని దాదాపు మూడింతల దూరమునకు జరిగిన ప్రదేశములలో నిది యొకటి.

పూర్వులు దూరమును క్రోసులతోను, ఆమడలతోను లెక్కించిరి. ఆమడ యనగా సుమారు ఎనిమిది మైళ్లు. బాబ్లీ నుండి హైదరాబాదునకు సూటిరేఖలో సుమారు 180 కిలోమీటర్లు, అనగా పదునాలుగు ఆమడలు. ఎడ్లబండి దినమునకు రెండామడలు నడచిన వారము దినముల ప్రయాణము. ధర్మాబాదు వైపువారు గోదావరిని గూడ దాటవలసియుండెను గనుక వఱద దినములలో నీ లెక్కయు నిలువదు.

1900 ప్రాంతమున హైదరాబాదు–గోదావరిలోయ రైలుమార్గ మేర్పడుటతో ఈ స్థితి మాఱినది. సికిందరాబాదు, నిజామాబాదు, బాసర, ధర్మాబాదు, ముద్‌ఖేడు, నాందేడుల మీదుగా ఆ మీటరుగేజి మార్గము మన్మాడు చేరెను. బాసరకడ వంతెన వలన నది యడ్డంకి తొలగెను. వారము పట్టెడు దారి గంటల లెక్కలోనికి వచ్చెను.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినది. నాందేడు జిల్లాలోని ముధోలు తాలూకానుండి ముధోలు, భైంసా, కుబీరు భాగములు ఆంధ్రప్రదేశమున చేరినవి. ధర్మాబాదు భాగము బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునకును చెందినది. బాబ్లీ నుండి బొంబాయికి సూటిరేఖలో సుమారు 520 కిలోమీటర్లు. తరువాత ఔరంగాబాదులో (నేటి ఛత్రపతి శంభాజీనగరము) ఉన్నతన్యాయస్థానపు శాఖ వెలసినను, అదియు సుమారు 280 కిలోమీటర్ల దూరమున నున్నది. హైదరాబాదే దగ్గఱ, కాని అర్జీ పెట్టుకొనుటకు పోవలసిన చోటు అది కాదు.

విమానముచేత దూరము తగ్గునను మాట సైతము ఇచ్చట పరీక్షింపదగినది. నాందేడు–హైదరాబాదు నగరముల నడుమ గగనమార్గము సుమారు 230 కిలోమీటర్లు. రోడ్డుదారి 270కి పైబడినది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద ఆ నగరముల నడుమ విమానములు మొదలైనవి. రోడ్డుపై ఐదాఱు గంటల ప్రయాణము ఆకాశమున సుమారొక గంట. అయితే బాబ్లీవాసి విమానమెక్కుటకు హైదరాబాదునకు వ్యతిరేకదిశలో సుమారు 60 కిలోమీటర్లు వాయవ్యమునకు పోవలెను. నగరమునకు నగరమును దగ్గఱచేసిన సాధనము నడుమ గ్రామమును దగ్గఱ చేయలేదు.

నదికి మాత్ర మీ చిక్కులు లేవు. బాబ్లీ దాటిన నీరు దిగువనున్న శ్రీరామసాగరమును చేరును. ఆ నీటిని గూర్చి 1975 అక్టోబరు 6న రెండు రాష్ట్రములు ఒడంబడిక చేసికొన్నవి. 2.74 శతకోటి ఘనపుటడుగుల బాబ్లీ ఆనకట్టపై వివాదమును 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్చినది. జూలై 1 నుండి అక్టోబరు 28 వఱకు తలుపులు తెఱచియుంచవలెననియు, మార్చి 1న 0.6 శతకోటి ఘనపుటడుగుల నీరు విడువవలెననియు నిర్ణయించినది. చేరువనున్న రెండు గట్టుల రైతుల తగవు ఢిల్లీలో తీరవలసివచ్చెను.

కావున సీమాంతగ్రామముల చరిత్ర వ్రాయువారు మైళ్లను, గంటలను మాత్రమే గాక, ఏ కాలమున ఏ పనికి ఏ ఊరు పోవలసివచ్చెనో గూడ గుర్తింపవలెను. సామాన్యునకు దూరమనగా నదియే.