బస్తా బరువు, హమాలీ నడుము

హమాలీకి నడుము పట్టేసిందంటే ఎత్తే తీరు తెలియకేనని తేలిగ్గా అనేస్తారు. తీరు వాళ్లకి తెలుసు. కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దాన్ని నేల మీంచి ఒక్కడే ఎత్తడు, ఇద్దరు చెరోవైపు పట్టి మూడోవాడి వీపు మీదికి ఎక్కిస్తారు. కానీ వాలుగా వేసిన బల్ల ఎక్కుతూ, ఇరుకు గోదాములో దొంతర మీదికి బస్తా తిప్పి వేసేటప్పుడు ఏ నేర్పూ నడుముని పూర్తిగా కాయలేదు. అక్కడ తగ్గాల్సింది బరువే.

చట్టం ఈ మాట ఆలస్యంగానే ఒప్పుకుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం హాని చేసే బరువు ఎత్తించకూడదంది కానీ, అంకె రాష్ట్రాలకి వదిలేసింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ బరువుల మోతపై చేసిన ఒప్పందంలోనూ అంకె లేదు. మగవాళ్లకి 55 కిలోలన్న హద్దు దాని వెంట వచ్చిన సిఫారసులో ఉంది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది 2010లో!

బస్తా చిన్నదైతే తిరుగుళ్లు పెరుగుతాయని వాదన. నిజమే, పది టన్నులకి 75 కిలోల బస్తాలు 134 అయితే, 50 కిలోలవి 200. అయితే వెన్ను ఎక్కువగా దెబ్బతినేది ఒక్కసారిగా పడే బరువుకి. పెరిగిన నడకకి మందు బస్తా రేటు కోయకపోవడం, మనుషుల్ని పెంచడం. పాత బరువుకి తిరిగి పోవడం కాదు.