కారు ఒంటిపై గుంటలు మేలు చేయునా?

వనస్థలిపురము దాటి విజయవాడ రహదారిపై కారు గంటకు 90 కిలోమీటర్ల వేగమందుకొన్నప్పుడు ఇంజను శక్తిలో పెద్ద భాగము గాలిని త్రోసికొని పోవుటకే ఖర్చగును. గోల్ఫు బంతివలె కారు ఒంటినిండ గుంటలు పెట్టినచో పెట్రోలు మిగులునా అని కొందరు అడుగుచుందురు. ఆ సంగతి తేలవలెనన్న మనము ముందుగా బంతి చరిత్రను చూడవలెను.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున గట్టాపెర్చా యను చెట్టుపాలతో చేసిన నున్నని బంతులు వాడుకలోనికి వచ్చెను. క్రొత్తదానికంటె గీతలు పడిన పాత బంతియే దూరము పోవుట ఆటగాండ్రు గమనించిరి. 1905లో ఇంగ్లండు దేశీయుడగు విలియం టేలరు గుండ్రని గుంటలకు పేటెంటు పొందెను. అసలు కారణము తరువాత బోధపడెను.

వస్తువు నంటిపెట్టుకొని పలుచని గాలిపొర యుండునని జర్మను శాస్త్రజ్ఞుడు ప్రాంట్ల్ 1904లోనే చెప్పియుండెను. 1912లో పారిసునందు ఈఫిల్ (ఆ గోపురము కట్టించిన యాయనయే) గోళముపై గాలి వీచి చూడగా, వేగము ఒక హద్దు దాటినంతనే నిరోధ గుణకము చటుక్కున పడిపోయెను. 1914లో ప్రాంట్ల్ గోళము చుట్టు సన్నని తీగ బిగించి, తక్కువ వేగముననే ఆ ఫలితమును రాబట్టెను. తీగ తగిలి కల్లోలమైన పొర గోళమును మరికొంత దూరము అంటిపెట్టుకొని పోవును. అందుచే వెనుకనుండు సుడుల తావు ఇరుకగును. గుంటలు చేయు పనియు నిదియే. ఉప్పలు మైదానమున క్రొత్త బంతి వంకర తిరుగుటకు దాని కుట్టు చేయు సాయము నిట్టిదేనని క్రికెట్టు ప్రియులగు శ్రోతలకు మనవి.

కారు సంగతి వేరు. గాలి నడకను తెలుపు రేనాల్డ్సు సంఖ్య, గంటకు 200 కిలోమీటర్లకు మించి పోవు గోల్ఫు బంతికి సుమారు 1,70,000. 90 కిలోమీటర్ల వేగమున పోవు 4 మీటర్ల కారుకు 66 లక్షలు. కారుపై పొర చాలవరకు తనంత తానే కల్లోలమై యుండును. అది విడిపోవు చోటునో, వెనుక అంచులే నిర్ణయించును. పైగా కల్లోల పొరకు రాపిడి హెచ్చు. శ్రీహరికోట కేంద్రమునకు 2002లో ఎవరి పేరు పెట్టిరో ఆ సతీశ్ ధావన్ గారు 1951 నాటి తమ పరిశోధనలో కొలిచినది ఈ రాపిడినే. సొట్టలే మేలు చేయునెడల మన నగరపు బస్సులకు ఈపాటికి ఎంతో డీజిలు మిగిలియుండవలెను!

అయినను 2009లో అమెరికాలో మిత్‌బస్టర్స్ అను టెలివిజను కార్యక్రమమువారు కారునకు మట్టి మెత్తి చూచిరి. నున్నని మట్టితో గాలనుకు 26 మైళ్లు. గుంటలు తీసి, ఆ మట్టిని కారులోనే పెట్టి నడుపగా 29.65 మైళ్లు. ఫలితము కొట్టివేయదగినది కాదు. కాని మట్టితో ఆ కారు వంపులే మారిపోయినవి గనుక, లోహపు ఒంటిపైనను ఇంతే లాభము కలుగునని మేమొప్పజాలము. పైకప్పుమీద ఖాళీగా నున్న సామాను చట్రమును విప్పివేసినచో మాత్రము నిరోధము తగ్గుట నిశ్చయము.